నలభై గంటల ఆట, వెంకటనర్సమ్మ బొటనవేలు

నాచారంలోని ఒక పచ్చళ్ల కంపెనీలో వెంకటనర్సమ్మది ప్యాకెట్ల మూతి అతికించే పని. చూసేవాళ్లకు అదేం పెద్ద పని అనిపిస్తుంది గానీ, కూర్చుంటే తెలుస్తుంది. నూనె తేలే మామిడికాయ పచ్చడి నింపిన ప్యాకెట్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టుకోవాలి. మూతి ముడత పడకుండా సాగదీసి మిషన్ వేడి పట్టీ కింద పెట్టాలి. పట్టు సడలితే ముడత పడుతుంది, ముడత పడితే నూనె కారుతుంది. పదకొండేళ్లలో ఆమె అతికించిన ప్యాకెట్టు కారిందని ఏ దుకాణం నుంచీ వాపసు రాలేదు.

రెండువేల పదకొండు మార్చిలో ఉప్పల్ చౌరస్తా దగ్గర షేరింగ్ ఆటో దిగబోతుంటే చీర కుచ్చిళ్లు కాలికి చుట్టుకున్నాయి. పడటం పడటం కుడిచేతి మీద పడింది. బొటనవేలి మొదట్లో ఎముక విరిగింది. ఐదు వారాలకు కట్టు విప్పితే వేలు కట్టెలా బిగుసుకుపోయి ఉంది.

సూపర్‌వైజర్ పాండురంగ ఇంటికొచ్చి చూసి, కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"నర్సమ్మక్కా, జూన్ ఒకటిదాకనే నీ సీటు ఆపగల్గుత. ఆరోజు వచ్చి వంద ప్యాకెట్లు ఒక్కటి గూడ కారకుంట చేసి చూపియ్యి. లేకుంటె లేబుళ్ల షెడ్డుకు పోవుడే."

లేబుళ్ల షెడ్డులో అందరూ రోజుకూలీలే, ఇవాళ ఉన్న మనిషి రేపు ఉండదు. అటు పోయి తిరిగి మిషన్ మీదికి వచ్చినవాళ్లను ఆమె ఎరగదు. అప్పటికి నలభై మూడు రోజుల గడువుంది.

దవాఖానాలో వేళ్లకు కసరత్తు చేయించే దోర్కా మేడమ్ ఒక స్పాంజి బంతి ఇచ్చి పిసకమంది. రెండు రోజులు పిసికింది. బంతి మాట్లాడదు, పలకదు, ఊ కొట్టదు. మూడో రోజు దాన్ని బీరువా మీదికి విసిరేసింది.

అప్పుడు అల్లుడు రంజిత్ తన ఆట పెట్టె తెచ్చి టీవీకి తగిలించాడు. అతనిది బోడుప్పల్, కంప్యూటర్లు బాగుచేసే పని. పొద్దంతా ఆటలోనే ఉంటున్నాడని కూతురు హిమజ ఆ పెట్టెను బయట పారేయబోయిందట. ఆ సంగతి అతను చెప్పలేదు, అత్తగారే నాలుగు ప్రశ్నల్లో రాబట్టింది.

"ఇది కత్తియుద్ధం ఆట అత్తమ్మా. ఎడమ బొటనేలుతోని మనోన్ని నడుపాలె. కుడి బొటనేలుతోని చుట్టు చూడాలె, కత్తితోని కొట్టాలె. ఊరూరు తిరుగుకుంట బలం పెంచుకోవాలె. ఆఖరికి రాక్షసుని చంపుడు."

"అయిపోవాల్నంటె ఎన్ని రోజులు పడ్తది?"

"నలభై గంటల కథ."

దోర్కా మేడమ్ రోజుకు ఒక్క గంటే ఆడమంది. నలభై గంటలు, జూన్ ఒకటికి మిగిలినవీ నలభై రోజులు. నలభై రోజులంటే మండల దీక్ష. ఇది దేవుడు పెట్టిన లెక్కే అనుకుంది వెంకటనర్సమ్మ. రాక్షసుడు కూలిన రోజే వేలు తిరుగుతుందని మనసులో ముడి వేసుకుంది. ఇక రోజూ తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, టీవీ ముందు పీట వేసుకుని ఆడటమే. దీక్ష పూర్తయ్యేదాకా ఆ కుడిచేత్తో గ్లాసు కూడా ఎత్తకూడదనుకుంది. వంట, గిన్నెలు, చీపురు, అన్నీ ఎడమచేత్తోనే.

ఇరవయ్యో రోజున రంజిత్ పని నుంచి వస్తూ చాయ్‌కి ఆగాడు.

"యాడిదాక వచ్చినవ్ అత్తమ్మా?"

"పదకొండు గొర్లు దొరికినయ్. ఇంకోటి వాగు అవుతల ఉన్నది."

"గొర్లేంది?"

"గా మొదటి ఊర్ల ముసలామెయి. చేతులు జోడించి ఏడుస్తుంటె ఎట్ల పోత? కమ్మరోని సుత్తె గూడ తెచ్చిచ్చిన. ఇంకొక పిల్ల ఉంగరం బావిల పడ్డది, గది తియ్యాలె."

"అవి చిల్లర పనులు. చెయ్యకున్నా కథ ఆగది. నేనైతె ఆ ముసల్దాని దిక్కు గూడ చూడలే."

"అందుకే హిమజ నిన్ను తిడ్తది."

ఆటలో మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఆమెకు ఒక్క ముక్క రాదు. అయినా తలమీద గుర్తు ఉన్న ప్రతి మనిషి దగ్గరా ఆగి, సైగలూ బొమ్మలూ చూసి అర్థం చేసుకుని, మీట నొక్కి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక చేయకపోతే మర్యాద కాదు. దీక్షలో ఉన్న మనిషి అసలే మాట తప్పకూడదు.

ముప్పై ఎనిమిదో రోజున రంజిత్ ఆట లెక్క తెరిచి చూశాడు. చూసి, చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ముప్పై ఎనిమిది గంటలయింది. ఐదు రాజ్యాలల్ల నువ్వింక రెండోదాంట్లనే ఉన్నవ్."

"నలభైకి అయితదంటివి గద."

"కథ పట్టుకొని పోతె నలభై. నీ లెక్క అందర్ని పలకరించుకుంట పోతె నూటిరవై."

నూట ఇరవై రోజులంటే ఆగస్టు సగం దాటుతుంది. ఆటకూ వేలికీ సంబంధం లేదని రంజిత్ ఎంత చెప్పినా ఆమె చెవికెక్కలేదు. మండలం చెడింది, సీటు పోయింది. మిగిలిన ఆ రెండు రోజులూ పొయ్యి వెలిగిందే తక్కువ, ఆమె తిన్నది ఇంకా తక్కువ.

జూన్ ఒకటిన కంపెనీకి వెళ్లి, పాండురంగ ముందు తల దించుకుని నిలబడింది.

"తమ్మీ, ఆగస్టు దాక ఆగుతవా? నా వేలు ఇంక మూడొంతుల్ల ఒక్క వంతే అయింది."

"వేలు వంతులల్ల అవుతదా అక్కా? కూసో ముందు. ఒక్కటి పట్టు."

కూర్చుంది. మొదటి ప్యాకెట్టు మూతి తిన్నగానే పడింది. పక్క మిషన్ మీద సంతోషి అని కొత్త పిల్ల ఉంది. భయం మరవడానికి ఆమెను పలకరించింది. వాళ్లది మేడిపల్లి. నలుగురు అక్కచెల్లెళ్లు. పెద్దక్క మొగుడు లారీ తోలుతాడు, రెండో అక్కకు కవలలు. మూడో అక్క సంగతి సగంలో ఉండగా పాండురంగ వచ్చి బుట్ట ముందుకు లాగాడు. ఒక్కో ప్యాకెట్టూ తీసి, పాత కాగితం మీద బోర్లా పెట్టి, అరచేత్తో గట్టిగా అదిమాడు. కాగితం మీద ఎక్కడా నూనె మరక పడలేదు.

"నూట పద్నాలుగు. ఇగ ఆపు అక్కా, నీ సీటు నీదే."

వెంకటనర్సమ్మ కుడిచేతి బొటనవేలిని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. మడిచింది, చాచింది, మళ్లీ మడిచింది. నొప్పి ఉంది, కానీ మాట వింటోంది. గొర్రెల వెంట తిరిగిన గంటలూ, బావి చుట్టూ వెతికిన గంటలూ ఒక్కటీ ఊరికే పోలేదని అప్పుడు అర్థమైంది.

రెండున్నర నెలల ఏడుపు ఒక్కసారిగా అక్కర్లేకుండా పోయేసరికి, దాన్ని ఏం చేయాలో తోచక, నల్లా దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కుంది. తర్వాత గోడకానుకుని కూర్చుని, రెండు రోజుల ఆకలీ తీరేలా, కుడిచేత్తో అన్నం కలుపుకుని తిన్నది.