సిరాసీసాలో శిష్యుడు

ఆ కాలంలో మా కడప జిల్లాలో అయ్యవారి చేతిలో బెత్తం కనిపించకపోతే పిల్లల తండ్రులే వచ్చి, ఒంట్లో బాగాలేదా అని పలకరించేవారు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. మీసం ఇంకా సరిగా రాలేదు గానీ, మైదుకూరు దగ్గరి ఒక పల్లెలో, నాపరాళ్ల కప్పు కింద, ముప్పై మంది పిల్లలకు నేనే సర్వాధికారిని. కొట్టడం వెనక నాకొక వేదాంతం కూడా ఉండేది. అది నాకు చదువు చెప్పిన అయ్యవారిచ్చిన ఆస్తి (ఆయన వేసిన దెబ్బ గుర్తు నా బొటనవేలి మీద ఇప్పటికీ ఉంది). కందిరీగ ఒక పురుగును పట్టి తెచ్చి, గూట్లో పెట్టి, కుట్టి, చుట్టూ రొద చేస్తుందట. పురుగు భయంతో దాన్నే తలుచుకుంటూ తలుచుకుంటూ చివరికి తానే కందిరీగ అయిపోతుందట. నేను కందిరీగను, మీరు పురుగులు అని పిల్లలకు రోజూ చెప్పేవాణ్ణి. పాపం, వాళ్లు నమ్మేవాళ్లు.

నమ్మనిది ఒక్కతే. ఊళ్లో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే సాయిబు కూతురు, తొమ్మిదేళ్లది, బడి మొత్తానికి ఒకే ఒక ఆడపిల్ల. ఏం చెప్పినా ‘ఎందుకు’ అని అడిగేది. ఒకరోజు ఆ ‘ఎందుకు’కి రెండు దెబ్బలు గట్టిగా తగిలాయి. మధ్యాహ్నానికల్లా కళాయి సాయిబు పిల్లను వెంటబెట్టుకుని వచ్చి, వాచిన అరచెయ్యి నా ముందు పెట్టాడు. ఆయన కేకలు వేసే మనిషి కాదు.

“కొలిమికాడ నా చెయ్యి కాలితే ఓర్చుకుంటా అయ్యవారూ. బిడ్డ చెయ్యి వాస్తే ఓర్చుకోలేను. రేపట్నుంచి బడికి పంపను.”

పిల్ల పలకను గుండెకు హత్తుకుంది. నేను తడబడి, కందిరీగ కథ ఎత్తుకున్నాను. చెప్తే నమ్మరు గానీ, సరిగ్గా అప్పుడే గడప దాటి ఒక కందిరీగ లోపలికి నడిచి వచ్చింది. నెమలి మెడలాంటి నీలిపచ్చ రంగు, ఎర్రటి తొడలు. దాని నోట్లో ఒక బొద్దింక మీసం. తనకు రెండింతలున్న ఆ బొద్దింకను ముకుతాడు పట్టి ఎద్దును నడిపించినట్టు నడిపించుకుపోతోంది. అదీ బుద్ధిగా వెంట వెళుతోంది. అందరం నోళ్లు తెరుచుకుని చూశాం. రెండూ గోడలోని గూట్లోకెక్కి, అక్కడ అడ్డంగా పడి ఉన్న పాత సిరాసీసాలో దూరాయి. కాసేపటికి కందిరీగ ఒక్కటే బయటికొచ్చి, సీసా మూతి నిండా మట్టిగడ్డలు పేర్చి ఎగిరిపోయింది.

నా ఆనందం చూడాలి! సాయిబు సీసా వంక చూసి ఒక మాటకొచ్చాడు. బొద్దింక కందిరీగ అయితే కూతుర్ని కొట్టినా ఆయన నోరెత్తడు. అవ్వకపోతే నేను బెత్తం ఆయనకిచ్చెయ్యాలి. అది తేలేదాకా పిల్ల మీద దెబ్బ పడకూడదు, పిల్ల బడి మానకూడదు. సరేనన్నాను.

అప్పట్నుంచి ఆ పిల్ల సీసాకు కాపలా. తండ్రి కొలిమి బొగ్గు తెచ్చి, సీసా గాజులోంచి కనిపించినదల్లా గూటి కింద గోడ మీద గీసేది. బొద్దింక బతికే ఉంది, పారిపోవాలన్న ధ్యాసే లేదు. దాని కాలి దగ్గర బియ్యపు గింజంత తెల్లటిదేదో ఉందంది. రెక్క మొలుస్తోందన్నాను. గింజ పెద్దదై బొద్దింకలోకి దూరిందంది. జ్ఞానం లోపలికి దిగుతోందన్నాను. బొద్దింక కదలడం లేదంది. తపస్సన్నాను (ఏ ప్రశ్నకైనా నా దగ్గర ఇలాంటి జవాబు సిద్ధంగా ఉండేది).

నెలన్నరకు మట్టిగడ్డలు కదిలాయి. పచ్చగా మెరుస్తూ కొత్త కందిరీగ బయటికొచ్చింది. సాయిబుకు కబురు పెట్టి, మేకు నుంచి బెత్తం తీశాను. ఆయన మాట మీద నిలబడే మనిషి. తల వంచుకుని, చెయ్యి చాపమని కూతురికి చెప్పాడు. పిల్ల ఒక చెయ్యి చాపి, రెండో చేత్తో సీసా బోర్లించింది. ఎండిన చింతకాయ తొక్కలాగా, వీపు పగిలిన బొద్దింక డొల్ల నా బల్ల మీద పడింది.

“బొద్దింకే కందిరీగ అయ్యింటే, ఈ డొల్ల ఎవరిది అయ్యవారూ? ఆ గింజ కందిరీగ బిడ్డ. లోపల్నుంచి తిని తిని పెద్దదయింది. బొద్దింక యాడా మారలే.”

గోడ మీది బొమ్మలు వరసగా చూశాను. అన్నీ ఉన్నాయి, నేను చూడనివన్నీ. జవాబు కోసం గొంతు సవరించుకున్నాను. అచ్చం మా అయ్యవారి దగ్గు! ఆయన నిలబడినట్టే నిలబడ్డాను, ఆయన పట్టినట్టే బెత్తం పట్టాను. ఈ ఒంట్లో నేను ఏ మూల మిగిలి ఉన్నానో తెలియక నిజంగా భయమేసింది. బెత్తం సాయిబు చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని కాల్చలేదు. కొలిమి తిత్తి గొట్టంలో చేరిన బూడిద పొడిచి తీయడానికి పెట్టుకున్నాడు. మా ఇంటి గిన్నెలకు కళాయి వేయించుకోవడానికి వెళ్లినప్పుడల్లా దాన్ని చూసి, కొత్తల్లో మొహం పక్కకు తిప్పుకునేవాణ్ణి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఉత్త చేతులతోనే పాఠాలు చెప్పాను. ఆ పిల్ల పక్క ఊళ్లో పంతులమ్మ అయింది. పిల్లలు ‘ఎందుకు’ అని అడిగితే సంబరపడుతుందట. నా దగ్గర చదువుకున్న వాళ్లలో ఒక్కరూ నాలాగా కాలేదు. ఒకప్పుడు ఆ సంగతి కొంచెం గుచ్చుకునేది. ఇప్పుడు తలుచుకుంటే హాయిగా నవ్వొస్తుంది.