తిరుమలమ్మ కట్టిన మేకు

మునిరత్నం ఒకచోట కుదురుగా కూర్చుని టీ తాగగా ఎవరూ చూడలేదు. గ్లాసు ఒకచోట, మనిషి ఇంకొకచోట. తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో మెకానిక్ ఆయన. రెండువేల ఆరులో లెక్చరర్ జయచంద్ర మొదలుపెట్టిన చిన్న హెలికాప్టరు ఆయన కాళ్లకు మరీ చక్రాలు కట్టింది.

రిమోట్ పట్టేవాళ్లు లేకుండా అది తనంతట తానే గాలిలో నిలబడాలి. మునిరత్నం చేతులు మరలు బిగించడానికి చాలుతాయిగానీ రిమోట్ పడితే వణుకుతాయి. రెండుసార్లు ఆయన నడుపుతుండగానే అది నేలకు కొట్టుకుంది. అందుకే అంత పంతం.

వారంగా అది మాట వినడం లేదు. పైకి లేస్తుంది, చిన్న సున్నా చుడుతుంది, సున్నా పెద్దదవుతుంది, గానుగెద్దులా తిరిగి తిరిగి గడ్డిలో పడుతుంది.

"శుక్రవారం ప్రిన్సిపాల్ వస్తాడన్నా. నిమిషం నిలిస్తే సరి. లేకుంటే స్టోర్ రూముకే" అన్నాడు జయచంద్ర.

"పోయిన వారం నిలిచినాది గదా సార్!"

వర్క్‌షాపులో ఎలుకలు వైర్లు కొరుకుతాయని రోజూ సాయంత్రం దాన్ని దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చేవాడు. తెచ్చి, ముద్ద మింగకుండా గడపకూ వీధికీ తిరిగేవాడు.

"యాడికి మల్లా? కూర్సో. బిడ్డ పుట్టినోళ్లు గూడా ఇట్ల తిరగరు" అనేది భార్య తిరుమలమ్మ. "ఆ పక్కింటి పంకజాక్షి వచ్చి ఎంత ముద్దుగా ఉండాదో అనిపోయింది. దాని కన్ను మంచిది కాదు."

"కన్నూ లేదు, మన్నూ లేదు. నోరు మూసుకో మే."

శుక్రవారం పొద్దున మైదానంలో హెలికాప్టరు ముక్కును కొండకేసి పెట్టాడు. తిరుపతిలో కొండ ఉత్తరాన ఉంటుందని చంటిపిల్లలకూ తెలుసు. కంప్యూటరు తెర మాత్రం తూర్పు అంటోంది. మునిరత్నం కూలబడి దిక్సూచి చిప్పు దగ్గర మూత విప్పాడు. దాని కింద స్పాంజిలో, నల్లదారం చుట్టి, పసుపు పూసిన ఇనుప మేకు! ఇనుము పక్కనుంటే దిక్సూచి దిక్కు తప్పుతుంది.

దిష్టి తగలకుండా పసిబిడ్డ పక్కలో ఇనుప ముక్క పెట్టడం వాళ్ల ఇంటి ఆచారం. మునిరత్నం పక్కలోనూ పెట్టే ఉంటారు. పళ్లు కొరికి, మేకును జేబులో వేసుకుని దూరం జరిగాడు; తెర ఉత్తరం అంది.

ప్రిన్సిపాల్ గడియారం చూస్తుండగా హెలికాప్టరు లేచి, ఆరడుగుల ఎత్తున గుచ్చినట్టు నిలిచింది. నిమిషమైంది. ఇంకో అరనిమిషమూ అయింది. అది కదల్లేదు; మునిరత్నమే దాని చుట్టూ తిరిగాడు.

సాయంత్రం వాకిట్లోనే అడిగింది తిరుమలమ్మ.

"నిలిచినాదా?"

"నిలిచినాది."

"నిలవదా మరి! పంకజాక్షి పోయినాక నేనే దానికి మేకు కట్టినా. నీకు తెలీదు."

మునిరత్నం జేబులోంచి మేకు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"దీన్ని మంచం కోడుకు కట్టు మే. దూరంగా ఉంటేనే బాగా కాపాడతాదంట."

"ఎవురు సెప్పినారు?"

"సారు."

ఆమె నమ్మి, మూడు ముళ్లేసి కట్టింది. మునిరత్నం పోయి మూడేళ్లయింది. ఆ ముడి ఇంకా విప్పలేదు.