రంగూన్‌లో కోసిన జడ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో మిషన్ బడి పెట్టారు. పంతులమ్మ ఇంటింటికీ తిరిగి ఆడపిల్లల్ని కూడా పంపమంది. నేను ఎగిరి గంతేశాను. మా నాయనమ్మ గుమ్మంలోనే తేల్చేసింది: "మన ఇళ్ళల్లో ఆడపిల్లలు బడికెళ్ళే ఆచారం లేదమ్మా." పంతులమ్మ వెళ్ళిపోయింది. నేను పెరట్లో కూచుని ఏడ్చాను.

మా తాతయ్య మంగలి. వయసులో ఉండగా రంగూన్‌లో దుకాణం పెట్టుకున్నాడు. నా ఏడుపు మాన్పించడానికి, కత్తి నూరుకుంటూనే ఒక చైనా వడ్రంగి కథ చెప్పాడు. చైనాలో రాజరికం పోయిన రోజుల్లో, మగాళ్ళంతా తలవెనక వేసుకునే జడలు కోయించుకోవాలన్నారట. ఆ వడ్రంగి తనవాళ్ళ చేత కోయించుకోడానికి సిగ్గుపడి తాతయ్య దగ్గరికొచ్చాడు. కత్తెర పడగానే వలవలా ఏడ్చాడట. "ఇది మా తాతల నాటి ఆచారం" అంటూ, కోసిన జడని గుడ్డలో చుట్టి పట్టుకుపోయాడట, చచ్చాక తనతోపాటే పాతిపెట్టించుకోవాలని.

పక్క కొట్టు చైనా ముసలాయన తర్వాత అసలు సంగతి చెప్పాడట. ఆ జడ వాళ్ళది కానే కాదు. ఎప్పుడో చైనాకి ఉత్తరాన్నించి వచ్చి దేశాన్ని గెలిచిన రాజులు పెట్టించింది. వేసుకోనివాడి తల తీసేవాళ్ళు. ఆ కొత్త రాజులు సర్కారు కచేరీలు అలాగే ఉంచారు. పన్నులూ అలాగే, కొలువు కోసం రాసే పాత పరీక్షలూ అలాగే. మగాళ్ళ తలలు మాత్రం మార్చారు. జడ వద్దని మొదట ఎందరో చచ్చారు. వాళ్ళ మునిమనవలు అదే జడ పోతోందని ఏడ్చారు.

నేను ఏడుపు ఆపి అడిగాను. "మరి మన ఆచారం ఎవరు పెట్టారు తాతయ్యా?"

"నాకేం తెలుసే?"

"తెలీనప్పుడు తీసెయ్యొచ్చుగా?"

తాతయ్య చెయ్యి ఆగింది. నావైపు చూశాడు. నాయనమ్మ ఉన్న వంటింటివైపు చూశాడు. మళ్ళీ కత్తి నూరుకున్నాడు. అంతే. మర్నాటి నుంచి నన్ను మిరపకాయలు కొయ్యడానికి పంపారు.

ఆయన మీద చాలాకాలం కోపం ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకంటే నేనూ ఆ పనే చేశాను. నా పెద్దకూతురు బడికి పోతానని కాళ్ళు పట్టుకుంది. మన ఇళ్ళల్లో లేదన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! చిన్నదాన్ని మా చర్చి సిస్టర్లు నాతో పోట్లాడి చదివించారు. అది నర్సయ్యి ఇక్కడ ఐర్లండ్‌లో, పోర్ట్‌లీష్ అనే ఊళ్ళో పనిచేస్తోంది. డ్యూటీ లేని రోజుల్లో నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. అప్పటికి నాకు అరవై దాటాయి.

మొన్న బడిలో చైనా రాజుల పాఠం చెప్పారని మనవరాలు అంటే ఆ వడ్రంగి సంగతి చెప్పాను. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే. "సో సిల్లీ, అమ్మమ్మా!" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తాతయ్య ఆ రోజు కథ ఒక్కటే నేర్పలేదు. తప్పని తెలిసీ ఊరుకోవడం కూడా నేర్పాడు. కథ కంటే అదే నాకు బాగా అబ్బింది. పెద్దదాన్ని క్షమించమని అడగడానికి ఫోన్లో నోరు రావడం లేదు. ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. నాలుగు ముక్కలు రాశాక గుర్తొచ్చింది, దానికి చదవడం రాదు. నా క్షమాపణ కూడా అది పక్కింటివాళ్ళ చేత చదివించుకోవాలి.