గోడ మీదికొచ్చిందే చాలు

పక్కింటి పుంటికూర తాలింపు వాసన గోడ దాటి మా వంటింట్లోకి వస్తే చాలు, నాకు సత్తెక్క గుర్తొస్తుంది. ఆఫీసులో ఆమె నాకు పై అధికారి. లాల్‌దర్వాజాలో పాలవ్యాపారం చేసే ఇంట పుట్టింది. మేడమ్ అంటే పలికేది కాదు, అక్కా అనాల్సిందే.

మేమప్పుడు మూసీ వరదను ముందే లెక్కగట్టే ప్రోగ్రాం రాస్తున్నాం. నదిని ముక్కలుగా విడదీసి ముక్కకో కంప్యూటర్ని పెట్టాం. అవన్నీ ఒకేసారి లెక్కిస్తూ, పక్కవాటితో సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలి. నయాపూల్ వంతెన దగ్గర నీళ్ళు ఎంత లేస్తాయో అవి లేవకముందే చెప్పాలి. మా లెక్క మాత్రం వరద వచ్చి పోయాక తీరిగ్గా తేలేది. కంప్యూటర్లు పెంచితే ఇంకా మెల్లగైంది! శుక్రవారం పరీక్షలోనూ ఇంతే అయితే పని ఆపేస్తామని పైవాళ్ళు తేల్చేశారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

నా మొహం చూసి సత్తెక్క తనింటికి భోజనానికి లాక్కెళ్ళింది. వంట మధ్యలో పిట్టగోడ మీద పక్కింటామె కోసం ఒక గిన్నె కూర పెట్టి, బదులుగా ఆమె పెట్టే గిన్నె కోసం ఆగకుండా మళ్ళీ పొయ్యి దగ్గరికొచ్చింది.

"నీ కంప్యూటర్లు పక్కదానికి ఏం పంపుతున్నయే?"

"తమ ముక్క లెక్కంతా పంపుతున్నయక్కా. అది అందేదాక అన్ని ఆగుతున్నయి."

ఆమె గరిటె పట్టుకునే పకపకా నవ్వింది. "గింత లొల్లి ఎందుకే? పక్కింట్ల ఎన్ని గిన్నెలుంటే మనకేంది? గోడ మీదికొచ్చిందే మనకు కావాలె. అది వచ్చేదాక నేను గోడకాడ నిలబడితే, ఈడ కూర మాడదా?"

నాకప్పుడు వెలిగింది. అవును, పక్క ముక్కకు కావలసింది మన అంచు ఒక్కటే! దాన్ని ఒకే మూటగా కట్టి పంపాలి. అవతలి మూట దారిలో ఉండగానే మన లోపలి లెక్క చేసుకుపోవాలి. తిన్న చెయ్యి కడుక్కుని నేరుగా ఆఫీసుకు పరిగెత్తాను. శుక్రవారం దాకా అక్క పక్కనే కూర్చుని, నేను తడబడినప్పుడల్లా ఆటపట్టిస్తూ, ఫికర్ చెయ్యకు అంటూ రాయించింది.

పరీక్షనాడు పెద్దసారు చేతిలో చాయ్ ఇంకా పొగలు కక్కుతోంది. తెర మీద నయాపూల్ నీటిమట్టం వచ్చేసింది. ఆయన కప్పు ఎత్తడం మరిచిపోయాడు.

"తాగుండ్రి సార్," అంది సత్తెక్క. "నీళ్ళొచ్చెటందుకు మస్తు టైమున్నది."

ఆ రోజు నేను గెలిచినంతగా ఇంకెప్పుడూ గెలవలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆమె రిటైరైంది. పోయిన వానాకాలం ఫోన్ చేసి అరిచింది: "నయాపూల్ కాడున్ననే! మన లెక్క విని దుకాణాలోళ్ళు సామానంత ఎప్పుడో పైకెక్కించిండ్రు. నీళ్ళు ఇప్పుడొస్తున్నయి!"

ఇప్పుడు ఏ ప్రోగ్రాం ముట్టుకున్నా నా మొదటి ప్రశ్న ఒకటే: గోడ మీదికి ఏం రావాలి? కొత్తగా చేరినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ, మా కూర మాత్రం మాడదు.