అయిదు చీరల లెక్క

నేను రిటైరైన రోజు సభలో నా గురించి చదివిన కాగితంలో ఒక తప్పుంది. "వీరు తయారుచేసిన సూక్ష్మకణాల మందు ఎందరో కాన్సర్ రోగులకు ప్రాణం పోసింది" అని చదివారు. లేచి మైకు అడిగి తీసుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ కణాలను మూడువందల పన్నెండు సార్లు తయారుచేశాను, అందులో పనికొచ్చినవి పందొమ్మిది, ఎలుకల్లో గడ్డ తగ్గింది, మనిషి ఒంట్లోకి ఆ మందు ఇంతవరకు ఒక్క చుక్క కూడా పోలేదు అని చెప్పి కూర్చున్నాను. శాలువా కప్పడానికి వచ్చిన పెద్దమనిషి దాన్ని పట్టుకొని కాసేపు అలాగే నిలబడిపోయాడు.

మాది మార్కాపురం. నాయన పలకల కార్ఖానాలో పనిచేసేవాడు. సాయంత్రం పలకలు లెక్కపెట్టే పని నాది. పగిలినవి పక్కకు తోసి మంచివి మాత్రమే చెబితే ఒప్పుకునేవాడు కాదు. "పగిలింది గూడా గనిలోనుంచి వచ్చిందే గదా పాపా. అది లెక్కలో లేకుంటే ఎట్ల?" అనేవాడు. నా ప్రయోగశాల పుస్తకాలన్నీ ఆ పద్ధతిలోనే రాశాను. అలాంటి నేను ఒకసారి ఘోరంగా లెక్క తప్పాను. అది కూడా చెప్పాలి.

మందును గడ్డ దాకా మోసుకుపోయే కణం తయారుచేయడం నా ఉద్యోగం. వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉంటుంది ఆ కణం. కాని గడ్డను చివరిదాకా చీరకొంగు కింద దాచుకునే మనిషిని ఏ కణం కాపాడుతుంది? కొన్ని కుటుంబాల్లో రొమ్ము కాన్సర్ జన్యులోపంగా తరం నుంచి తరానికి దిగుతుంది. ఆ కుటుంబాలను ముందే పట్టుకోగలిగితే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది. అందుకని సెలవు పెట్టి మా వైపు ఊళ్ళకు వచ్చేదాన్ని.

పన్నెండేళ్ళ కిందట గిద్దలూరులో ఒక నర్సమ్మ, దగ్గరి పల్లెలో గొర్రెలు కాసుకునే ఒక ఇంటి సంగతి చెప్పింది. ఆ ఇంట్లో ఆడవాళ్ళు వయసులోనే పోతారట. వెళ్ళి అడిగితే, "మా ఇంట్లో అట్లాటి రోగాలు లేవు" అన్నారు అందరూ ఒకే గొంతుతో.

ఆ రోజు పెద్దల అమావాస్య. చనిపోయిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టి దండం పెట్టుకునే రోజు. గోడవారన బట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. అయిదు చీరల మీద మాత్రం పసుపు, కుంకుమ, గాజులు కూడా ఉన్నాయి. అంటే భర్త బతికుండగానే పోయినవాళ్ళు. రోగం దాచారు గాని చీరలు దాచలేదు. నా పుస్తకంలో అయిదు అని రాసుకున్నాను. ఇంటి పెద్దావిడ, డెబ్భై దాటిన అవ్వ, పక్కనే కూర్చుని చూస్తోంది.

"ఏంది రాస్తాండావు పాపా?"

"ఈ అయిదుగురూ రొమ్ములో గడ్డతోనే పోయినారా పెద్దమ్మా? నీ మనవరాలికీ రావచ్చు. రక్తం పరీక్ష చేయిద్దాం."

అవ్వ ఉన్న నాలుగు పళ్ళతో నవ్వింది. "అయిదంట! ఇందులో ఇద్దరు బయటినుంచి వచ్చిన కోడండ్లు. ఒకతె కాన్పులో పోయింది, ఒకతెను పాము కరిసింది. మా రక్తం ముగ్గురే, మేనరికం కోడండ్లు. గడ్డలు వాళ్ళకే. అది సరే, ఈ ఇంట్లో పుట్టి పెండ్లయి పోయిన ఆడబిడ్డలకు చీర ఎవురింట్లో పెడ్తారు? అత్తగారింట్లో. అవి లెక్క కట్టినావా? మా మందలో ఏ పిల్ల ఏ తల్లిదో ఏడు తరాలు చెప్తా నేను. లెక్కే రానిదానికి నా మనవరాలి రక్తం ఎందుకియ్యాల?"

పుస్తకంలో రాసుకున్న అయిదు మీద అడ్డగీత గీశాను.

ఆ మనవరాలికి ఇరవై ఎనిమిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. మొగుడు ఇల్లరికం వచ్చాడు, అందుకని పుట్టింట్లోనే ఉంటోంది. బస్సు దాకా నాతో నడిచి వచ్చింది. "అత్తా, వాళ్ళకు మొదట్లో గడ్డ ఎంత ఉండిందంట?" అని అడిగింది.

"ఎందుకమ్మా?"

"ఊరికే."

ఇంకో పది అడుగులు వేసి ఆగింది. "నాది శనగ్గింజంత ఉంది. ఎవురికీ చెప్పలే."

ఇప్పుడే ఆసుపత్రికి పోదాం పద అన్నాను. అవ్వ మాట లేకుండా ఇల్లు కదలనంది. ఎంత చెప్పినా అదే మాట. సరే, ఆ అవ్వ అడిగిన లెక్క నేను తెచ్చి ఇవ్వాలి.

గిద్దలూరు బస్టాండు నుంచే హైదరాబాదుకు ఫోన్ చేసి ఇంకో వారం సెలవు అడిగాను. ఎందుకని అడిగిన డైరెక్టరుకు చీరల సంగతి చెప్పాను.

"చీరలు లెక్కపెట్టడం కూడా జన్యుశాస్త్రమేనా మేడం? ఎన్ని తేలాయి?"

"అయిదనుకున్నాను. తప్పు. మళ్ళీ కడుతున్నాను."

"తప్పయితే వదిలేయండి. సోమవారానికి కణాల రిపోర్టు కావాలి. రాకపోతే మెమో ఇస్తాను."

"ఇవ్వండి సార్. తారీఖు మాత్రం సరిగ్గా వేయించండి."

ఆ ఇంటి ఆడబిడ్డలు ముగ్గురు. పొదిలిలో ఒకరి అత్తగారిల్లు. అక్కడ గాజులు పెట్టే చీర ఒకటి, అది ఆమెదే, రొమ్ములో గడ్డే. దొనకొండలో రెండు చీరలు. ఒకటి మన ఆడబిడ్డది, ఆమెదీ గడ్డే. రెండోది ఆమె తోడికోడలిది, వేరే రక్తం, కొట్టేశాను. వెలిగండ్ల వైపు వెళితే మూడో ఆడబిడ్డ మేకల వెంట ఎదురొచ్చింది. అరవై ఆరేళ్ళు. నేను వచ్చిన పని విని, "నాకు చీర పెట్టేదానికి ఇంకా టైముందిలే. అందాక చల్ల తాగిపో" అంది. ఆమెనూ రాసుకున్నాను. బతికినవాళ్ళు లెక్కలో లేకపోతే ఎలా?

ఆరో రోజు పొద్దున ఎనిమిదిన్నరకు అవ్వ ముందు కూర్చుని పుస్తకం తెరిచి చదివాను. ఈ ఇంట్లో ముగ్గురు, పొదిలిలో ఒకరు, దొనకొండలో ఒకరు. మళ్ళీ అయిదే. కాని ఆ అయిదుగురు కాదు. సంఖ్య మారలేదు గదా, ఇంత తిరుగుడు దేనికని తరవాత డైరెక్టరు అన్నాడు. పాము కరిచిన మనిషిని కాన్సరులో కలిపి రాసిన అయిదు నాకు అక్కర్లేదని చెప్పాను.

అవ్వ వేళ్ళు మడుస్తూ విన్నది. అయిదో వేలు మడిచి పిడికిలి ఒళ్ళో పెట్టుకుంది. ఈలోగా ఆమె కొడుకు, పిల్ల తండ్రి, లోపలికి వచ్చాడు. "అక్కా, చిన్నదానికి సంబంధాలు చూస్తాండాం. ఈ రక్తం మాట బయటికి పోతే మా గతేంది?"

జవాబు నేను చెప్పేలోగా అవ్వే అంది. "గొర్రెకు జబ్బయితే మంద చెడ్తదని రాత్రికి రాత్రి గిద్దలూరు మోసుకపోయినావే. బిడ్డయితే దాచాలనా? పోరా, ఆటో పిల్సకరా."

మనవరాలికి పరీక్షలో లోపం ఉన్నట్టే తేలింది. గడ్డ కాన్సరే, ఇంకా చిన్నది. ఆపరేషన్ చేశారు, మందు ఎక్కించారు. నా కణాల మందు కాదు, అన్నిచోట్లా ఉన్న మామూలు మందే. చెల్లెలికి కూడా పరీక్ష చేయించారు. ఆమెకు లోపం లేదు. పెళ్ళీ అయింది. ఎవరూ ఏమీ అడగలేదు.

మెమో నా ఫైల్లో ఉంది. తారీఖు ఒకరోజు తప్పు వేశారు. ఎర్ర సిరాతో దిద్ది, సంతకం చేసి, ఒక నకలు వెనక్కి పంపాను. ఆ ఏడాది నాకు రావలసిన ప్రమోషన్ రాలేదు. పరీక్షలో తేలిన ఫలితం కన్నా పెద్ద ప్రమోషన్ ఉంటుందని నేను అనుకోను. ఉంటుందనేవాళ్ళు ఆ మనవరాలికి ఎదురుగా కూర్చుని అనమనండి.

ఏటా పెద్దల అమావాస్య నాడు ఆమెకు ఫోన్ చేస్తాను. రెండేళ్ళ కిందట అవ్వ పోయింది. మొన్నటి అమావాస్యకూ చేశాను.

"ఎన్ని చీరలమ్మా?"

"గాజులవి అయిదే అత్తా. అవ్వది గాజుల్లేని చీర, ఏరేగా పెట్టినాం. ఆరోది నేను కట్టుకొని తిరుగుతాండా."

అయిదు అని రాసి, పక్కన తారీఖు వేశాను.