అక్కడపిల్లలు

జిరాక్సు అంగడి నుంచి అప్పుడే తెచ్చిన కాగితాలకు ఒక వేడి వాసన ఉంటుంది. హిందూపురంలో మా ఇంటి హాల్లో ఫ్యాను కింద కూర్చుని మా కోడలు ఆ కట్టను విప్పి మనవరాళ్లిద్దరి ముందూ పెట్టినప్పుడు, వంటింట్లో అనపకాయలు ఒలుచుకుంటున్న నా దాకా వచ్చింది ఆ వాసన. పెద్దదానికి పదహారు, చిన్నదానికి పద్నాలుగు. బడి గొడవ పెద్దదానికి సరిపడక జబ్బు పడితే, రెండేళ్లుగా ఇద్దరినీ ఇంట్లోనే చదివిస్తోంది కోడలు. ఆ కట్ట ఏమిటంటే, రాసేటప్పుడు ఏ మాట వాడాలి, ఏది వాడకూడదు, వాక్యం ఎంత పొడుగుండాలి, కామా ఎక్కడ పెట్టాలి అని నియమాలు చెప్పే పుస్తకమట. "ఇట్లాంటిది మీ కాలంలో ఉండిందా అత్తా?" అని నవ్వుతూ అడిగింది. ఉండిందమ్మా అన్నాను. అంతకు మించి చెప్పే ఓపిక లేకపోయింది. ఈ వయసులో కొన్ని సంగతులు పైకి తీయాలంటే లోతు బావిలో నీళ్లు చేదినట్టే, రెట్టలు నొప్పి పుడతాయి.

ధర్మవరంలో మా ఇల్లంటే మగ్గమే ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, దాని పక్క రాట్నం, గోడకు వేలాడే పట్టు పోగులు, ఎండాకాలం వస్తే పోగు తెగకుండా నేల మీద చల్లే నీళ్ల తేమ, వెనక గదిలో రాగిసంగటి పొగ; పండగ వస్తే ఆ పొగలోనే ఓళిగల నెయ్యి వాసన, అలసంద వడల నూనె వాసన కలిసి పట్టుకు అంటుకుంటాయేమోనని నాయన చీరను దుప్పటితో కప్పి పెట్టేవాడు. అమ్మకు నడుము పట్టేసిన ఏడాది, అంచుల చీరకు రెండో మనిషి కావాల్సి వచ్చి, ఎనిమిదో తరగతిలో ఉన్న అక్కను నాయన మగ్గానికి కూర్చోబెట్టాడు. రాట్నం మీద పట్టు పోగును కండెలకు చుట్టడానికి ఐదో తరగతితో నన్నూ మాన్పించాడు. అక్క పేరు సరోజ. అక్క ఏడవలేదు. పుస్తకాలను సంచిలో వేసి అటక మీద పెట్టింది, అంతే.

అప్పుడు మా చదువును భుజానికెత్తుకున్నవాడు మామ, అమ్మ తమ్ముడు. హిందూపురంలో ఒక చిన్న పత్రికను అచ్చేసే ప్రెస్సులో తప్పులు దిద్దే పని ఆయనది. ఆదివారం పొద్దున రైలెక్కి, పెనుకొండ స్టేషన్లో ఉడకబెట్టిన శెనక్కాయల పొట్లం కొని, అది చల్లారేలోపు మా గడప తొక్కేవాడు. ఆయన చొక్కాకు ఎప్పుడూ సిరా, కిరసనాయిలు వాసన. ప్రెస్సులో రాతకు కట్టుబాట్ల పుస్తకం ఒకటుండేది. దాన్ని మామ తన చేత్తో ఎత్తి రాసి, అట్ట వేసి మాకు తెచ్చి ఇచ్చాడు. పేజీకి ఎడమ పక్క మాట్లాడే మాట, కుడి పక్క రాసే మాట. ఉండాది, ఉంది. యాడ, ఎక్కడ. ఈడ, ఇక్కడ. ఆడ, అక్కడ. మాకు వేరే వాచకం లేదు, వ్యాకరణం లేదు. వారమంతా మగ్గం చప్పుడులో అక్క ఎడమ పక్క మాట అంటే, కండె చుడుతూ నేను కుడి పక్క మాట అనాలి. ఆదివారం మామ ఎదుట ఎవరి నోట ఎడమ పక్క మాట వస్తే వాళ్ల వాటాలో ఒక శెనక్కాయ పోయినట్టే.

ఈ ఆటలో రోజూ ఓడిపోయేది మా అవ్వ, నాయన కన్నతల్లి. ఆడకుండానే ఓడిపోయేది.

"అమ్మీ, రోకలి యాడుండాది?"

"ఎక్కడ ఉంది, అనాల అవ్వా," అనేదాన్ని నేను.

"నేనడిగింది రోకలే, నీ పాఠం గాదు. మనం మాట్లాడేదంతా తప్పని రాసినోడు ఎవుడే వాడు? వాని నోట్లో ముద్ద పెట్టింది వాళ్లమ్మ గాదా?"

మామ నవ్వి నవ్వి పొరబోయేవాడు. కానీ అవ్వకు ఆడపిల్లల చదువంటేనే గిట్టదు. మేము పుస్తకం పట్టుకున్నప్పుడల్లా ఒకే మాట, వక్క నమిలినట్టు నమిలేది: "ఆడపిల్లంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల గాదు. ఆడికి పొయ్యేదానికి ఈడేం చదువు?" ఆ మాట ఎన్నిసార్లు విన్నానంటే, ఆడపిల్ల అనే మాట పుట్టిందే అందుకని నమ్మేశాను.

అక్కకు పదహారు నిండిన ఏడాది, పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయొచ్చని మామ దరఖాస్తు ఫారం తెచ్చాడు. తండ్రి సంతకం కావాలి. నాయనకు సంతకం తప్ప రాత రాదు. రాని పనిని కూతురు చేస్తుందంటే గర్వమూ ఉంది, భయమూ ఉంది. చివరికి ఇట్లా అన్నాడు: "మన వీధికి ఇంగో కొళాయి కావాలని మున్సిపాలిటీకి అర్జీ రాయమ్మీ. ఆ ఆఫీసోళ్లు మెచ్చుకుంటే సంతకం పెడతా."

అక్క మూడు రోజులు రాసింది. మగ్గం దిగిన ప్రతిసారీ ఒక వాక్యం. ఆడవాళ్లు, ఆడపిల్లలు తెల్లవారకముందే బిందెలతో వరసలో నిలబడుతున్నారని, వాన పడితే వీధి బురదలో జారి పడుతున్నారని, ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా రాసిందో. నాయన ఆఫీసుకు పోయే పొద్దున అంచు చిక్కు పడి అక్క మగ్గం వదల్లేకపోయింది. "నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, మంచి కాగితం మీద ఎత్తి రాయి" అని నాకిచ్చింది.

రాస్తూ పోతుంటే నా కంటికి తప్పు తగిలింది. ఆడ అని ఉంది. ఒకచోట కాదు, ఆరు చోట్ల. కట్టుబాట్లన్నీ తెలిసిన అక్క ఇంత మరిచిపోయిందేమిటి అని జాలి పడ్డాను. అక్కకు మాట రాకూడదని, చెప్పకుండానే దిద్దాను. ఆడవాళ్లు అన్నచోట అక్కడవాళ్లు. ఆడపిల్లలు అన్నచోట అక్కడపిల్లలు. ఆరు చోట్లా దిద్ది, చివర సరోజ అని రాసి, నాయన చేతిలో పెట్టాను.

మధ్యాహ్నం నాయన వచ్చిన తీరు ఇప్పటికీ కళ్ల ముందుంది. చెప్పులు కూడా విప్పలేదు. ఆఫీసులో గుమాస్తా దాన్ని నలుగురిలో గట్టిగా చదివాడట. "ఏమప్పా, ఆడుండే పిల్లలకు నీళ్లు కావాల్నంటే ఆడోళ్లనే అడగాల, ఈడికేల వస్తివి?" అన్నాడట. నలుగురూ పడి పడి నవ్వారట. వాళ్లెందుకు నవ్వుతున్నారో తెలియక నాయన కూడా కాస్త నవ్వాడట.

"ఎవురు రాసినారిది?" అన్నాడు.

అక్క కాగితం అందుకుంది. నా గుండ్రటి అక్షరాలను పై నుంచి కింది దాకా చూసింది. నావైపు మాత్రం చూడలేదు.

"నేనే నాయనా," అంది.

ఆ వచ్చే ఆదివారం మామ ఎంతో బతిమాలాడు. "బావా, ఒక్క మాట తప్పు పోయింది, అంతే గదా. నేర్పినోన్ని నన్ను కొట్టు." నాయన మగ్గంలో నాడె అటూ ఇటూ వేస్తూనే, తల ఎత్తకుండా అన్నాడు: "నవ్విచ్చుకున్న్యా గదప్పా. ఇంగ చాలు." పరీక్ష ఫారం గడువు దాటిపోయింది. ఆ తర్వాతి ఏడాది అక్కను పెనుకొండకు ఇచ్చారు. నిజం చెప్పడానికి ఆ వారమంతా నా నోరు పెగల్లేదు, ఆ తర్వాత చెప్పి లాభం లేకపోయింది. అక్క ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

నాయన లేడు, అవ్వ లేదు, మామ లేడు. సీసపు అక్షరాలు పేర్చే ప్రెస్సులు పోయాయి. ధర్మవరంలో మా మగ్గం గుంట పూడ్చి మీద టైల్స్ పరిచారు. నేను కూడా ఈ రాత రాస్తూ కుడి పక్క మాటలే వాడుతున్నాను, ఎడమ పక్కవి నోట్లోనే మిగిలాయి.

మొన్న కోడలు పిల్లల పరీక్ష ఫారం ఫోన్లోనే నింపింది. సాయంత్రం పెద్ద మనవరాలు మా అక్కకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. "అవ్వా, నాకు సెంటర్ మీ పెనుకొండలోనే వేసినారు, పదో తరగతికి."



"పరీక్ష నాడు పొద్దున్నే వస్తా," అంది అక్క. "నువ్వు బయటికొచ్చేదాకా గేటుకాడ్నే ఉంటా."

"మూడు గంటలు ఎండలో యాలవ్వా? ఇంట్లో ఉండు, నేనే వస్తా."

"ఉండనీ అమ్మీ," అంది అక్క. "లోపలికైతే పోలేకపోయినా. గేటుకాడ నిలబడేకి ఎవుర్దీ సంతకం అక్కర్లేదు గదా."

నేను వంటింట్లోనే ఉన్నాను. పిలిచినా హాల్లోకి రాలేకపోయాను.