వీధి గోడల మీద నీటి గీతలు

1981 నవంబరు, తిరుపతి. కొండ కింద నుంచి ఊరి మధ్యగా దిగి స్వర్ణముఖి వైపు పోయే ఒక వంక ఒడ్డున ఆ ఉదయం ఉన్నవి ఇవి: ముక్కాలి మీద ఒక లెవెల్, అంటే ఎత్తుల తేడా చూసే దుర్భిణి, ఒక స్టాఫ్, అంటే అంకెలు వేసిన పొడుగాటి కొలత కర్ర, ఎర్ర రంగు డబ్బా, కుంచె, రెండు ఫీల్డు పుస్తకాలు, కర్ర పట్టడానికి ఇద్దరు కూలీలు. మునిరత్నం, డిప్లొమా, తొమ్మిదేళ్ల సర్వీసు. నేను, బి.ఇ., పద్నాలుగు నెలల సర్వీసు. ఇద్దరం ప్రభుత్వ ఇంజనీర్లమే.

వరద తీసి ఆరు రోజులైంది. ఈ వంక కొండ దిగువన ముప్పై గజాల వెడల్పు ఉంటుంది. ఊళ్లో లాడ్జీల గోడల మధ్యకు వచ్చేసరికి ఎనిమిది గజాలు. ఆ తరువాత బస్సుల రోడ్డు కింద తూము. వరద రోజున ఆ తూముకు అరటి బోదెలు, తడికలు, ఒక నులక మంచం అడ్డం పడి, నీళ్లు వీధుల్లోకి మళ్లాయి. ఏ వీధిలో నుంచి ఏ వీధిలోకి పోయాయో తేల్చడం మా పని. నీళ్లు నిలిచిన మట్టాన గోడ మీద బురద గీత మిగులుతుంది. దాన్ని ఫ్లడ్ మార్క్ అంటాం. గీతల ఎత్తులు పటం మీద వేస్తే నీళ్లు ఎటు నుంచి ఎటు పారాయో తెలుస్తుంది.

అసలు చిక్కు పూలు కట్టేవాళ్ల సందు దగ్గర వచ్చింది. అక్కడ పదకొండు ఇళ్లున్నాయి. నీళ్లు రోడ్డు మీద నుంచి సందులోకి దిగి ఉంటే, అదే వాటి దారి కాబట్టి సందు పొడుగునా కాలవ తవ్వుతారు, ఇళ్లు పోతాయి. సందు వెనక నుంచి వచ్చి ఉంటే, అక్కడ వంకలోకి జరిపి కట్టిన లాడ్జీ ప్రహరీ వెనక్కి పోవాలి.

మునిరత్నం మీద నాకు అసూయ. దానికి ఇక్కడ వేరే పేరు పెట్టను. అతని అంకెలు కోడి గీతల్లా ఉంటాయి. కాని ఏ గడప దగ్గరికి పోయినా ఆడవాళ్లు "రా అన్నా" అని పిలిచి కాఫీ ఇస్తారు. అతను రబ్బరు చెప్పులు వదిలి వంటింటి దాకా పోయి గీత చూసి వస్తాడు. నావి చీలమండల దాకా లేసులున్న బూట్లు. "ఆడనే నిలబడు సారూ, ఇప్పుడే కడిగినాము" అనేవారు నాతో. నేను బయటి గోడ కొలుచుకునేవాణ్ని.

"ఏమప్పా బి.ఇ., నువ్వు ఆ లేసులు ఇప్పేలోగా ఇంకో వరద వస్తాది" అన్నాడు మునిరత్నం. కూలీలు నవ్వారు. నేను ఆ మాటను మరిచిపోలేదు.

ఇద్దరం చెరొక పటం ఇచ్చాం. నా పటంలో సందు కంటే రోడ్డు మీద నీళ్లు ఎత్తు. అతని పటంలో రోడ్డు కంటే సందులో ఎత్తు. మా పై అధికారి డి.ఇ. గారు రెండింటినీ పక్కపక్కన పరిచారు.

"మీ ఇద్దరిలో ఒకరి నీళ్లు ఎగువకు పారతా ఉండాయి. ఎవరివి?"

"నావి కాదు సార్" అన్నాను ముందుగా.

"నేను ఇండ్ల లోపల కొలిచినాను సార్" అన్నాడు మునిరత్నం.

డి.ఇ. గారి చూపు నా పటం మీదే ఉంది. నల్ల సిరాతో అచ్చులా ఉంటాయి నా అక్షరాలు. "సోమవారం పై ఆఫీసుకు ఒకటే పటం పోతాది. సరిచూసుకోండి" అన్నారు.

శనివారం నేనొక్కణ్నే సందుకు వెళ్లాను. నా తప్పు వెతకడానికి కాదు, అతని తప్పు పట్టుకోవడానికి. సందు మొదట్లో, రోడ్డు వైపు తిరిగి ఉన్న ఇల్లు కన్నెమ్మది. ఆమె అరుగు మీద కనకాంబరాలు కడుతూ ఉంది.

"మునిరత్నమన్న రాలేదా?" అన్నది మొదటి మాటగా.

"నేను లోపల చూడాలమ్మా."

"సూడు సామీ. ఆ బూట్లు ఈడ ఇడిచిపెట్టి రా."

లోపల బియ్యం డబ్బా వెనక గోడ మీద తిన్నటి గీత ఉంది. కిటికీ కింది చట్రం నుంచి టేపుతో లోపల కొలిచాను, అదే చట్రం నుంచి బయట కొలిచాను. ఒకే గోడ, తేడా ఇరవై రెండు సెంటీమీటర్లు. బయటిదే ఎత్తు.

"తలుపు మూసుకున్నారా ఆ రోజు?" అన్నాను ఆశగా. మూసి ఉంటే నీళ్లు లోపలికి పూర్తిగా రాక గీత కిందికి పడి ఉంటుంది, అతని లెక్క తప్పవుతుంది.

"యాడ మూసేది? తలుపే కొట్టుకొని పోయింది."

"మరి బయట ఇంత ఎత్తుకు ఎట్లా ఎక్కినాయి?"

"బస్సులు నడిపినారు గదా ఆ నీళ్లలోనే. బస్సు పోయినప్పుడల్లా అల లేచి గోడకు కొట్టేది. నువ్వు కొలిచింది వంక నీళ్లు కాదు సామీ, బస్సు నీళ్లు."

"ఇంట్లోకి మొదట ఎటు నుంచి వచ్చినాయి?"

"యెనక నుంచి. వంటింట్లోకే వచ్చినాయి. మునిరత్నమన్నకు చెప్పినా. నువ్వు అడగలేదు." దారం ముడి వేస్తూ తలెత్తింది. "మా ఇండ్లు తీసేస్తారంట. ఆ పటం ఎవురు గీసేది?"

"నేనే."

అరుగు మీద కూర్చొని లేసులు కట్టుకుంటూ నేను లెక్క వేసుకున్నాను. ఇది నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. డి.ఇ. గారికి నచ్చింది నా పటమే. మునిరత్నం వాదించే మనిషి కాడు. ఒక బూటు కట్టుకోవడం అయ్యేదాకా ఆ లెక్క నాకు బాగానే ఉంది. రెండోది కట్టేటప్పుడు ఆమె నా చేతుల వైపే చూస్తూ ఉంది.

సోమవారం డి.ఇ. గారి ముందు, మునిరత్నం ఎదుటే, నా పటంలో రోడ్డు వైపు గుర్తులన్నీ ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన కారణం రాశాను.

"పర్వాలేదప్పా, రాత మాత్రం నీదే బాగుండాది. నా అంకెలు కూడా నువ్వే ఎక్కించు" అన్నాడతను. ఎగతాళి చేసి ఉంటే నాకు తేలికగా ఉండేది. అతను నిజంగానే అన్నాడు.

వేసవిలో లాడ్జీ ప్రహరీ వెనక్కి జరిగింది. సందు జోలికి ఎవరూ పోలేదు.

వరద ఎత్తును నీళ్లు కదలకుండా నిలిచిన చోట కొలవాలి, వాహనాలు తిరిగిన రోడ్డు పక్క గోడను నమ్మకూడదు. ఈ కేసులో నేను నేర్చుకున్నది అది. అసూయ తగ్గిందని మాత్రం రాయలేను. పటం పైకి పోయే ముందు ఎవరి గుర్తులు ఎన్నో లెక్కపెట్టి చూశాను. మొత్తం అరవై ఏడు. అతనివి నలభై ఒకటి, నావి ఇరవై ఆరు.